తొడిగేదెవరు, విప్పించేదెవరు: సెంబేన్ సినిమాల్లో దుస్తులు

వలసపాలన ముగిసిన తరువాత పశ్చిమాఫ్రికాలో పుట్టిన సినిమాను వివరించేవారు చాలామంది సూటును పరాయి మోజుకూ, బూబూను, అంటే భుజాల నుంచి చీలమండల దాకా జారే వెడల్పాటి అంగీని, స్వదేశీ ఆత్మగౌరవానికీ గుర్తులుగా పంచిపెట్టి ఊరుకుంటారు. సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ (1923–2007) చిత్రాలు ఈ సులువైన లెక్కకు లొంగవు. మార్సెయ్ రేవులో కూలిగా పనిచేసి, నవలాకారుడై, ఆపైన మాస్కోలో సినిమా నేర్చుకున్న ఆయన పట్టించుకున్నది బట్ట ఎక్కడిదన్నది కాదు. దానిని ఒకరి ఒంటిమీద తొడిగే, విప్పించే అధికారం ఎవరిదన్నది.

1966 నాటి ‘లా న్వార్ దు’లో జువానా అనే డాకర్ యువతి ఒక ఫ్రెంచి కుటుంబం వెంట ఫ్రాన్సులోని ఆంటీబ్‌కు వెళ్తుంది. డాకర్‌లో ఉండగా తన పాత గౌన్లు ఇచ్చిన యజమానురాలే, అక్కడ జువానా చుక్కల గౌను, ఎత్తుమడమల చెప్పులు వేసుకుని ఇంటిపని చేస్తుంటే సహించలేక, ఆమెకు ఏప్రన్ కట్టించి, చెప్పులు విప్పిస్తుంది. ఇచ్చిన గౌను దానమే తప్ప హక్కు కాదన్న సంగతి జువానాకు అప్పుడు అర్థమవుతుంది. ఆ పాత్ర ధరించిన ఎంబిసిన్ తెరేజ్ జోప్ నిజజీవితంలో బట్టలు కుట్టే మనిషి కావడం గమనించదగ్గది.

చెర్నో ఫాతీ సోతో కలిసి 1988లో తీసిన ‘కాం ద చారోయ్’లో ఇదే అధికారం సైన్యం రూపంలో కనిపిస్తుంది. ఫ్రాన్సు తరఫున పోరాడి, జర్మన్ల చెర నుంచి బయటపడి, 1944లో అమెరికన్ యూనిఫారాలతో తిరిగివచ్చిన ఆఫ్రికన్ సైనికుల చేత వాటిని అప్పగింపజేసి, మళ్లీ వలస సిపాయి వేషం వేయిస్తారు. రావలసిన జీతం అడిగినందుకు తుపాకులు పేలుస్తారు.

‘స్వదేశీ’ బట్ట చరిత్ర కూడా తిన్ననైనది కాదు. మంచి బూబూలకు వాడే బజేన్ అనే మెరుపు నూలుగుడ్డ చాలావరకు ఆస్ట్రియా, జర్మనీ మిల్లుల్లో నేసి వచ్చినదే. అంతకు ముందటి శతాబ్దాల్లో, సెనెగల్ నదీతీరాన తుమ్మజాతి చెట్ల బంక కొనే ఫ్రెంచి వర్తకులు డబ్బుకు బదులుగా ఇచ్చింది పుదుచ్చేరి నుంచి ఓడల్లో వెళ్లిన నీలిమందు అద్దకపు గుడ్డ.

సెంబేన్ అసలు పదునంతా 1975 నాటి ‘ఖాలా’లో ఉంది. పురుషుడిని నపుంసకుడిని చేసే శాపానికి వోలోఫ్ భాషలో పేరు ఖాలా. ఆరంభంలో ఆఫ్రికన్ వ్యాపారులు దేశీయ దుస్తుల్లో వాణిజ్యమండలి భవనంలోకి నడిచి, ఫ్రెంచివారిని సాగనంపుతారు. కొద్దిసేపటికే వారు సూటుబూట్లలో దర్శనమిస్తారు, వెళ్లినట్టే వెళ్లిన ఫ్రెంచివారు నోట్లు నింపిన పెట్టెలతో తిరిగి వస్తారు. అంటే ఇక్కడ బూబూయే వేషం, జనం కళ్లెదుట కాసేపు కట్టి విప్పేసినది. అయినా దర్శకుడు దానిని తోసిపుచ్చలేదు: ఆ వ్యాపారుల్లో ఒకడు, ఖాలా తగిలిన కథానాయకుడు ఎల్‌హాజీ; అతని కూతురు రామా బూబూ ధరించి, తండ్రి ఫ్రెంచిలో అడిగినదానికి వోలోఫ్‌లో బదులిస్తుంది, ఆమె వెనుక గోడమీది ఆఫ్రికా పటంలోని రంగులే ఆమె దుస్తుల్లోనూ కనిపిస్తాయి. ఈ సమీకరణ కాస్త బాహాటమైనదే. ముగింపు అలాంటిది కాదు. ఎల్‌హాజీ శాపం పోవాలంటే అందరి ముందు దిగంబరుడు కావాలని, ఒకప్పుడు అతని వల్లే భూమి పోగొట్టుకున్నవాడితో కలిసి వచ్చిన బిచ్చగాళ్లు పట్టుబడతారు. మూడో పెళ్లినాటి వధువు కిరీటం అతని తలపై పెట్టి, ఒంటిమీద ఉమ్ముతారు. తొడిగే, విప్పించే అధికారం మొదటిసారిగా పేదల చేతికి వచ్చిన దృశ్యమిది.

ఈ చిత్రానికి అనేక కోతలు విధించిన తరువాతనే సెనెగల్‌లో ప్రదర్శనకు అనుమతి దొరికింది. ఆ కత్తెర పట్టినది ఫ్రాన్సు కాదు, కవి సెంఘోర్ అధ్యక్షుడుగా ఉన్న స్వతంత్ర సెనెగల్ ప్రభుత్వమే.