కాలి మెట్టెల కథ



వేసవి సెలవులు వచ్చాయంటే మన ధర్మపురి పక్క పిల్లలకు హొగేనకల్ ప్రయాణం గుర్తుకొస్తుంది. పోయిన ఎండాకాలం మా అన్న కూతురు కూడా స్నేహితురాళ్లతో కలిసి వెళ్లి వచ్చింది. కాలేజీలో చదువుకునే పిల్ల. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడిచేసరికి కాలి వేళ్లకు సన్నని మెట్టెలు మెరుస్తున్నాయి. దారిలో అంగట్లో కొనుక్కుందట. ఎండాకాలం పట్టీల చెప్పులు వేసుకుంటే కాళ్లకు అందంగా ఉంటాయని తెచ్చుకుందట. మా అమ్మకు కోపం వచ్చింది. "పెళ్లి కాని పిల్లకు మెట్టెలేమిటే, తియ్యి!" అని గట్టిగా అరిచింది. ఆ గడప దగ్గరే మా మేనత్త కూర్చుని ఉంది. ఆమె భర్త పోయి పదకొండేళ్లయింది. పిల్ల కాళ్లవంక చూసి, "దానికి ఇంకా కాలం రాలేదు, నాకు కాలం అయిపోయింది. మధ్యలో ఎన్నాళ్లమ్మా ఈ మెట్టెలు?" అంది.

ఎవరూ జవాబు చెప్పలేదు. మెట్టెల విషయంలో మనం శాస్త్రం, శాస్త్రం అంటాం కదా, అందులో శాస్త్రమెంత, వాడుక ఎంత? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

మనం మెట్టెలంటాం. మన పక్కింటి తమిళులు మెట్టి అంటారు. ఎల్ల దాటితే కన్నడిగులు కాలుంగుర అంటారు, అంటే కాలి ఉంగరం. మన ధర్మపురి 1965 అక్టోబరు 2 దాకా సేలం జిల్లాలో భాగం. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి మననుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. జిల్లాల గీతలు ఇలా మారుతూ వచ్చినా పెళ్లిపందిట్లో పద్ధతులు మాత్రం కలిసే ఉన్నాయి. మనవాళ్లు సన్నికల్లు తొక్కిస్తారు, తమిళులు అమ్మి తొక్కిస్తారు. పెళ్లికొడుకు పెళ్లికూతురి పాదం పట్టి రాతిమీద పెట్టించి మెట్టె తొడుగుతాడు. ఇంటింటికీ పద్ధతి కొంచెం మారవచ్చు గాని, తంతు ఒక్కటే.

ఆ రాయి తొక్కించడం చాలా పాతది. గృహ్యసూత్రాలలో దానిని అశ్మారోహణం అన్నారు. "ఈ రాయివలె స్థిరంగా ఉండు" అని ఆ మంత్రానికి భావం. మంత్రం స్థిరత్వం గురించి చెబుతుందే గాని, వేలికి వెండి తొడగమని చెప్పదు. రాయి మంత్రంలో ఉంది, మెట్టె మన వాడుకలో ఉంది.

మన పాత కావ్యాలలోనూ కాలి నగ అంటే ఎక్కువగా అందెల మాటే వినిపిస్తుంది. సీతమ్మ నగల మూట చూసి లక్ష్మణుడు మెట్టెలు గుర్తుపట్టాడని కథ చెప్పేవాళ్లున్నారు. వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో ఉన్నది నూపురాలు, అంటే అందెలు. రోజూ వదినగారి పాదాలకు మొక్కేవాడు కనుక అవే గుర్తుపట్టాడు. తమిళుల శిలప్పదికారం కథ కూడా అందె చుట్టూ తిరిగిందే. కణ్ణగి అందెలో మాణిక్యాలున్నాయి, పాండ్యరాణి అందెలో ముత్యాలున్నాయి. ఆ తేడా బయటపడే వేళకే ఒక నిరపరాధి ప్రాణం పోయింది.

మరొక సంగతి. మెట్టె ఆడవాళ్ల సొత్తు మాత్రమే కాదు. పెళ్లికొడుకు వేలికి కూడా మెట్టె తొడిగే ఆచారం తమిళుల్లోనూ, కన్నడిగుల్లోనూ, మన తెలుగువాళ్లలోనూ కొన్ని కుటుంబాలలో ఉంది. కానీ మగవాడు పెళ్లయిన కొన్నాళ్లకు దాన్ని తీసి పెట్టెలో పెడితే అడిగేవారు లేరు. భార్య పోయిన మనిషిని కూర్చోబెట్టి మెట్టె లాగేవారూ లేరు. ఒకే నగ, రెండు న్యాయాలు.

ఇక సైన్సు పేరుతో చెప్పే మాట ఒకటుంది. కాలి రెండో వేలినుంచి గర్భసంచికి ఒక నరం పోతుందనీ, మెట్టె దాన్ని నొక్కితే మేలనీ అంటారు. బడిలో పిల్లలు కూడా నన్ను అడిగారు. అలాంటి నరం లేదు. కాలివేళ్లకు వచ్చే నరాలు నడుము కిందినుంచి తొడ వెనుకగా దిగే పెద్ద నరానికి కొమ్మలు. మెట్టె అందమైన నగ. దానికి వైద్యం అంటగట్టనక్కరలేదు.

మా మేనత్త మాటకు తిరిగి వద్దాం. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఇన్నేళ్లయినా, భర్త పోయిన రోజున ఆ దుఃఖంలోనే నలుగురు చేరి మెట్టెలు తీయడం చాలా ఊళ్లలో ఆగలేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరు 2022 మే నెలలో గ్రామసభ పెట్టి ఒక తీర్మానం చేసింది. భర్త పోయిన స్త్రీకి బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం, మెట్టెలు తీయడం ఇకమీదట తమ ఊళ్లో ఉండకూడదని నిర్ణయించుకుంది. ఆ నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వం తక్కిన గ్రామాలను కూడా అదే దారిన నడవమని కోరింది. అది మనలాంటి రైతులుండే పల్లెటూరే. అక్కడ సాధ్యమైనది మన ఊళ్లలో ఎందుకు కాదు?

వేసవిలో మెట్టెలు కొనే పిల్లలకు కూడా రెండు మాటలు. వెండిమీద 925 అని ముద్ర ఉంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం. జర్మన్ సిల్వర్‌లో వెండి లేనేలేదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. నికెల్ పడని చర్మానికి దురద వస్తుంది. ఎండకు పాదాలు కొంచెం ఉబ్బుతాయి కనుక బిగుతైనవి వద్దు. కొసలు కలవకుండా వదిలిన మెట్టెను వేలికి తగినట్టు సర్దుకోవచ్చు, కానీ ఆ కొసలు నున్నగా ఉన్నాయో లేదో తడిమి చూడండి. స్నానమయ్యాక వేళ్ల సందులు తుడుచుకోండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఒరుసుకున్నా నొప్పి తెలియకపోవచ్చు, వాళ్లు రోజూ వేళ్లు చూసుకోవాలి. వెండి నల్లబడితే విభూదితో మెల్లగా రుద్దితే చాలు.

ఆ రోజు మా అమ్మ కేకలకు పిల్ల మెట్టెలు తీసి కిటికీలో పెట్టింది. వారం తర్వాత మళ్లీ పెట్టుకుంది. అమ్మ చూసింది గాని ఏమీ అనలేదు. మా మేనత్త పాత మెట్టెలు ఇంకా ఆమె ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. పెట్టుకో అని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. అది ఆమె ఇష్టం. శ్రోతలారా, నేను కోరేది ఒక్కటే. మీ ఇంట్లో అలాంటి కష్టం వచ్చిన రోజున, ఎవరైనా ఆమె పాదాలమీద చెయ్యి వేయబోతే, ముందు ఆమెను అడగమనండి.