ఫోనులో గోదావరి మట్టం

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా వైపు ఎక్కాలు రానివాళ్లకి కూడా వచ్చే లెక్క ఇది.

1986 ఆగస్టులో నది 75.6 అడుగులకెక్కింది. సెల్‌ఫోన్లు లేని కాలం. కబురంటే రేడియో వార్తలు, ఊళ్లో చాటింపు, లేదా ఎగువ నుంచి వచ్చిన మనిషి.

2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. అంటే మట్టం కొలిచేది ఒక రాష్ట్రంలో, దిగువన శబరి కలిసే కూనవరం మునిగేది ఇంకో రాష్ట్రంలో. వాట్సాప్‌కి ఈ సరిహద్దు పట్టదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఆ అంకె హైదరాబాద్‌లో ఉన్న నాకు నిమిషాల్లో చేరింది. వెంటనే కూనవరం బాబాయికి ఫోన్ చేశా. స్విచాఫ్. అప్పటికే కరెంటు లేదట.

తర్వాత కలిసినప్పుడు అడిగా, “మట్టం ఎంతుందో ఎట్లా తెలిసింది బాబాయ్?”

“అంకె ఎవడు చూశాడ్రా? నీళ్లు మెట్టెక్కినయ్, మేం గుట్టెక్కినం.”

హెచ్చరిక వేగం పెరిగింది నిజమే. కానీ అది ముందు అందింది నాకు, మునగనివాడికి. బాబాయికి అందాలంటే ఫోనొక్కటే చాలదు, చాటింపు కూడా ఉండాలి.