పెంపకం నుంచి పొలానికి: కౌజు, పూరేడు జాతుల జన్యు వారసత్వం

పాత అనంతపురం జిల్లా దాదాపు చుట్టూ ఆవరించి ఉన్న పావగడ తాలూకా పాలనలో కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినా, మాటలోనూ మెట్టసేద్యంలోనూ రాయలసీమకే దగ్గర. వేరుశెనగ చేలు, రాతిగుట్టలు, ముళ్ళపొదలు కలగలిసిన ఇటువంటి దక్కను నేలలు కౌజులకూ పూరేడు పిట్టలకూ అనువైనవి. మనుషులు తరతరాలుగా మాంసం కోసం వేటాడినవీ, పంజరాల్లో పెంచినవీ ఈ పిట్టలనే. అయితే పెంచిన పిట్ట తిరిగి బయటి నేలకు చేరితే అక్కడి జాతి వారసత్వం ఏమవుతుందన్న ప్రశ్న శాస్త్రంలో ఆలస్యంగా, అదీ ప్రధానంగా ఐరోపాలో, తలెత్తింది.

స్పెయిన్, ఫ్రాన్స్ దేశాలకు చెందిన ఎర్రకాళ్ళ కౌజును వేట కోసం పెంచి వదలడం ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద వ్యాపారంగా మారింది. పెంపకందారులు దానిని ఆసియా చుకార్ కౌజుతో సంకరం చేసి, ఆ సంకర పిట్టలను కూడా పొలాల్లోకి వదిలారు. బ్రిటన్ 1992 తర్వాత వాటిని వదలడానికి అనుమతి నిలిపివేసింది. మొదట్లో వదిలినవాటిలో ఎన్ని బతికాయన్నదే లెక్క. కణాలలో తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏను చదవగలిగిన తర్వాతే, పైకి అచ్చమైన ఎర్రకాళ్ళ కౌజులా కనిపించే పిట్టలో చుకార్ వారసత్వం దాగి ఉండవచ్చునని తేలింది. ఒక జాతి జన్యువులు సంకరం ద్వారా మరొక జాతిలోకి చేరి తరతరాలకూ నిలిచిపోవడాన్ని జన్యు చొరబాటు అంటారు.

భారతదేశానికి మరింత దగ్గరి ఉదాహరణ జపాన్ పూరేడు. తెలుగు నాట ఫారాల్లో కౌజు పిట్ట పేరుతో అమ్ముడయ్యేది ఇదే. 1974లో కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చిన ఈ పిట్ట, ఆరేడు వారాలకే గుడ్లు పెట్టేలా ఎంపిక చేసిన వంశానికి చెందినది. ఆ ఎంపికలో పొదిగే గుణం దాదాపు అంతరించింది. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీలలో దీని సంకరాలను వేట కోసం వదిలినప్పుడు అవి వలసవచ్చే సాధారణ పూరేడుతో జతకట్టి, సంతానోత్పత్తి శక్తి గల పిల్లలను కన్నాయి. వలసపోవాలన్న పుట్టుగుణం ఆ సంతానంలో సన్నగిల్లవచ్చునన్నదే అక్కడి పరిశోధకుల ప్రధాన ఆందోళన. సాధారణ పూరేడు దక్కనుకు ఎక్కువగా చలికాలపు అతిథిగా వస్తుంది కాబట్టి, ఫారం నుంచి తప్పించుకున్న పిట్టతో ఇక్కడ అది జతకట్టే అవకాశం ఐరోపాలో కన్నా తక్కువే. అంతమాత్రాన ఆ పిట్టలను పొలాల్లోకి వదలడం సమర్థనీయం కాదు.

పెంపుడు రక్తం అడవి జాతిలో ఎంత లోతుగా ఇంకగలదో అడవికోడి చరిత్ర స్పష్టంగా చూపుతుంది. 1960 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ జీవశాస్త్రవేత్త గార్డినర్ బంప్, నాటుకోళ్ళకు దూరంగా ఉన్న చోట్లను వెదకి, ఉత్తర భారతంలో ఎర్ర అడవికోళ్ళను సేకరించాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వదిలిన వాటి సంతతి అక్కడ నిలదొక్కుకోలేదు గాని, పంజరాల్లో నిలిచిన ఆ వంశం తర్వాతి పరిశోధనలకు అమూల్యమైంది. 2023లో వెలువడిన ఒక అధ్యయనం శతాబ్దం నాటి మ్యూజియం నమూనాలను నేటి కోళ్ళతో పోల్చి, ఇప్పటి అడవికోళ్ళ జన్యురాశిలో 20 నుంచి 50 శాతం పెంపుడు కోళ్ళదేనని అంచనా వేసింది. జన్యువులు ఎదురు దిశలోనూ నడిచాయి: పెంపుడు కోళ్ళ పసుపు చర్మానికి మూలమైన జన్యువు దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నిషిద్ధం కావడంతో, పెంచి వదిలే వ్యాపారం దక్కనులో వేళ్ళూనలేదు. ఇక్కడి అపాయం మరో దారిలో వస్తుంది. పంజరంలోని దీమపు కౌజు కూయగానే, తన హద్దును కాపాడుకోవడానికి పోట్లాటకు వచ్చే అడవి మగపిట్ట ఉచ్చులో చిక్కుతుంది; ఇలా పట్టిన పిట్టలు సంతల దాకా చేరి, అధికారులకు దొరికినప్పుడు దయతోనే ఎక్కడో ఒకచోట విడుదలవుతాయి. కౌజు వలసపోదు, పుట్టిన నేల దాటి దూరం వెళ్ళదు. ఉత్తర, దక్షిణ భారతాల కౌజులను ఉపజాతులుగా విడదీసి చూపడానికి వీలైన భేదం నిలిచింది అందుకే. తిరుమణి పరిసరాల్లో సుమారు 13,000 ఎకరాల మెట్టనేల సౌరవిద్యుత్ పార్కుగా మారిన పావగడ తాలూకాలో, మిగిలిన నేలపై పిట్టల గుంపులు చిన్నవైనకొద్దీ బయటి నుంచి వచ్చిచేరే ప్రతి జంట ప్రభావమూ పెరుగుతుంది. పట్టుబడిన పిట్ట ఏ ప్రాంతానిదో తెలుసుకోవడానికి దానిని చంపనక్కరలేదు, రక్తం కూడా తీయనక్కరలేదు. పెరికిన ఈక మొదలులోని కణాలు పరీక్షకు సరిపోతాయి, విడుదలకు ముందే ఆ పని జరగాలి.