కోరుట్ల కాగితం - పండుగ కార్డు

పండుగ దినాలలో మా కార్యాలయానికి శుభాకాంక్షలు అనేకం వస్తూ ఉంటాయి. పూర్వం అవి కార్డులై కట్టలుగా వచ్చేవి. నేడు చాలావరకు చేతిఫోనులలోనే వచ్చి, చేతిఫోనులలోనే చెరిగిపోతున్నవి. కొద్ది సంవత్సరాల క్రితం ఒక సంక్రాంతికి వచ్చిన పది పదిహేను కార్డులలో ఒకటి మాత్రం అచ్చుయంత్రం ఎరుగనిది. దళసరి కాగితాన్ని మధ్యకు మడిచినారు. పైభాగాన, బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దిన పూవులు. ఆ పూవుల నడుమ స్కెచ్ పెన్నుతో నింపిన ఆకులు. లోపల వంకరటింకర అక్షరాలతో రేడియో వారికి పండుగ దండాలు. అడుగున కోరుట్ల అని ఊరి పేరు. ఒకచోట రంగు కాగితంలోనికి పాకి, ఆకు తన అంచు దాటి పోయినది.

బంగారుపూత అక్షరాల కార్డులు ఆ సాయంత్రానికే బీరువా చేరినవి. ఈ కార్డు మాత్రం నాలుగు దినాలు ఒక బల్ల నుండి మరొక బల్లకు తిరిగినది. జవాబు వ్రాయవలెనని మేము కూర్చునేసరికి, దానితో వచ్చిన కవరు చెత్తబుట్ట పాలై ఉన్నది. చిరునామా కవరు మీదనే ఉన్నది. ఆ పొరపాటు పూర్తిగా మాది. ఆ బిడ్డ టపా మనిషి కొరకు ఎన్ని దినాలు వాకిట చూచినదో మాకు తెలియదు.

అయితే కోరుట్ల అన్న పేరు మమ్ము మరియొక దారిని ఆలోచింపజేసినది. ఒకప్పుడు ఆ ఊరి పేరు చెప్పగానే జనానికి స్ఫురించేది కాగితం. చేతితో చేసిన కార్డుకు కావలసినవి మూడే: కాగితం, అచ్చు, రంగు. ఈ మూడింటికీ మన గడ్డ మీద పెద్ద చరిత్ర ఉన్నది. దానిని ఒకసారి తలచుకొందము.

శుభాకాంక్షల కార్డు దొరల వెంట వచ్చిన అలవాటు అని కొందరంటారు. అది సగమే నిజం. ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా ఏర్పడినది. తరువాత మూడేండ్లకు, 1843లో, లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారునిచేత క్రిస్మసు కార్డు ఒకటి వ్రాయించినాడు. అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మసు కార్డు అదే. ఒక్కొక్కదాని వెల ఒక షిల్లింగు. గమనించదగిన సంగతి ఏమనగా, ఆ కార్డుకు గీతలను మాత్రమే రాతి అచ్చు మీద వేసినారు. రంగులను మనుషులు చేతితో నింపినారు. అచ్చు క్రిస్మసు కార్డులన్నిటికీ పెద్దదైన ఆ కార్డు కూడా సగం చేతిపనియే.

మన సంగతి చూతము. పెండ్లి శుభలేఖను నాలుగు మూలల పసుపు పెట్టకుండా పంపే ఇల్లు మనలో అరుదు. ఎంత ఖరీదైన ముద్రణాలయంలో వేయించినా, ఇంటి ఆడవారు కూర్చుండి పసుపు తడిపి, వేలితో ఒక్కొక్క మూల అద్దవలసినదే. అంతవరకు అది కాగితం. ఆ పైన శుభలేఖ. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివి చించివేయడం, శుభలేఖను దేవుని పటం దగ్గర ఉంచడం, ఇవి రెండూ మన పెద్దల అలవాట్లే. కాగితం మీద చేయి పెట్టిన గురుతు వలన మాటకు బలం వస్తుందని మనవారు ఎవరూ చెప్పకుండానే ఎరుగుదురు. నిజాం రాజ్యం 1869లో తన సొంత తపాలా బిళ్ళలు వేసినది. బ్రిటిషు ఇండియాలో 1879 జూలై 1న కాలణా పోస్టుకార్డు వచ్చినది. ఆ విధంగా శుభవార్త మోసుకొని నడిచే మనిషి చేతిలోనిది టపా సంచిలోనికి ఎక్కినది.

ఇక కాగితం. 20వ శతాబ్దపు తొలి దశకంలో వెలువడిన ఇంపీరియల్ గెజిటీరు, అప్పటి జగిత్యాల తాలూకాలోని కోరుట్లను కాగితపు పనికి పేరుపొందిన ఊరుగా పేర్కొన్నది. అక్కడి ముతక కాగితం పట్వారీల గ్రామ లెక్కల పుస్తకాలకు ఎక్కువగా వాడుకలో ఉండేది. ఏ రైతుకు ఎంత చెలక, ఎవరు ఎంత శిస్తు చెల్లించినారు, ఏ చెరువు కింద ఎంత తరి, ఇవన్నీ అట్టి కాగితం మీదికెక్కినవి.

దక్కనులో కాగజీలు చేతికాగితం చేసిన పద్ధతి చాలా ఓపికతో కూడినది. చిరిగిన గుడ్డలు, పాత గోనెలు, త్రాళ్ళు ముక్కలు చేసి సున్నపు నీటిలో నానవేస్తారు. కాలితో త్రొక్కే రోకలితో దంచుతారు. పారే నీటిలో కడిగి మరల దంచుతారు. ఆ గుజ్జును నీటి తొట్టిలో కలిపి, సన్నని గడ్డి ఈనెలతో అల్లిన తెరను కొయ్యచట్రం మీద పరచి, దానిని తొట్టిలో ముంచి సమంగా పైకెత్తుతారు. నీరు కారిపోగా తెర మీద పలుచని పొర నిలుస్తుంది. అదే కాగితం. పొరల మీద పొరలు పేర్చి, నీరు పిండి, నున్నగా అలికిన గోడకు కుంచెతో అంటించి ఆరబెడతారు. ఆ పైన గంజి పూసి, నునుపైన రాతితో రుద్ది మెరుగుపెడతారు.

ఇందులో గంజి సంగతి కొంచెం ఆగి చెప్పదగినది. గంజి లేని కాగితం సిరాను అద్దుడు కాగితం వలె పీల్చుకుంటుంది, అక్షరం పాకిపోతుంది. మాకు వచ్చిన కార్డులో ఆకు అంచు దాటినది ఈ కారణం చేతనే. సిరిసిల్ల నేతగాడు పడుగుకు గంజి పెట్టేది దారం ఆటుపోట్లకు తెగకుండుటకు. చేర్యాల నకాషీ చిత్రకారుడు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూసేది రంగు నిలుచుటకు. కాగజీ గంజి పూసేది మాట నిలుచుటకు. మూడు వృత్తులు, ఒకే ఒడుపు.

ఈ చేతికాగితానికి పోటీగా మిల్లు కాగితం వచ్చినది. 1938లో ఏర్పడిన సిర్పూరు పేపరు మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభించినది. దాని చుట్టూ పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు నిలిచినది. యంత్రం ఒక పూటలో చేసేది చేతికి ఎన్ని నెలలు పట్టునో లెక్క వేయనక్కరలేదు. వెలలోను, నునుపులోను లెక్కల పుస్తకానికి మిల్లు కాగితమే మేలు. ఆ పట్వారీల వ్యవస్థ కూడా 1984లో రద్దయినది. నేడు కోరుట్ల అన్నంతనే కాగితం తలచేవారు మిక్కిలి తక్కువ.

కాగితం తరువాత అచ్చు. బెండకాయ అచ్చు బడిపిల్లల ఆటగా కనిపిస్తుంది గాని, అది మచిలీపట్నం కలంకారీకి చిన్న చెల్లెలు. మచిలీపట్నం, పెడన అద్దకపు పనివారు టేకు చెక్కను నున్నగా చిత్రిక పట్టి, దాని మీద నమూనా గీసి, సన్నని ఉలులతో చుట్టూ చెక్కివేస్తారు. గీత మాత్రం ఎత్తుగా నిలుస్తుంది. గీతలకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కొక్క రంగుకు వేరొక అచ్చు. అచ్చును రంగు మెత్త మీద ఒత్తి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక దెబ్బ కొడతారు. పక్క అచ్చు దానికి అతుకు తెలియకుండా కలియవలెను. వెంట్రుకవాసి తప్పినా పూవు రెండుగా చీలుతుంది.

అక్కడ కూడా గుడ్డను మొదట సిద్ధపరచడమే అసలు పని. కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరవేస్తారు. ఇనుపముక్కలు, బెల్లం నీటిలో పులియవేసి తీసిన కారు ఆ కరక్కాయతో కలిసినప్పుడే నలుపు పుడుతుంది. పటిక అద్దినచోటనే ఎరుపు పట్టుకుంటుంది. ఈ నేర్పు కొరకే 17వ శతాబ్దంలో పారశీక వర్తకులు, డచ్చివారు, ఇంగ్లీషువారు మచిలీపట్నం రేవుకు వచ్చి అద్దకపు గుడ్డలు కొన్నారు. తరువాత చార్లెస్ గుడ్ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే మార్గం కనుగొన్నందున, చెక్క చేసే పనిని రబ్బరు ముద్ర చేయగలిగినది. కచేరీలలో దస్తావేజుల మీద పడే ముద్ర, పిల్లల కార్డు మీద పడే పూవు, రెండూ ఆ వంశానివే.

మూడవది రంగు నింపే కలం. శ్రీకాళహస్తి చిత్రకారులు వెదురుపుల్లను చివర చెక్కి, దానికి కొంచెం పైన ఉన్నిని గాని గుడ్డను గాని ఉండగా చుట్టి దారంతో కడతారు. ఆ ఉండ రంగును త్రాగి నిలుపుకుంటుంది. వేలితో కొద్దిగా నొక్కితే కొనకు కావలసినంత మాత్రమే దిగుతుంది. ఇప్పుడు పిల్లల చేతిలోని స్కెచ్ పెన్నును విప్పి చూడుడు. లోపల రంగు త్రాగిన పీచు వత్తి, చివర పీచు మొన. జపానులో పెంటెల్ సంస్థకు చెందిన యుకియో హోరియే 1962లో ఇట్టి పీచు మొన కలాన్ని రూపొందించినాడు. శ్రీకాళహస్తి కలం దానికి తల్లి అని మేము అనము. ఒకటి రెండవదానిని చూచి పుట్టలేదు. కాని రంగును పీచులో దాచి, కొంచెం కొంచెంగా విడిచే యుక్తి ఇద్దరికీ ఒకటే తోచినది.

బొమ్మకు, సిరిసిల్లకు ఉన్న సంబంధం కూడా పాతదే. చేర్యాల నకాషీలు వ్రాసిన పొడుగాటి పటాలను పరచి కథ చెప్పేవారిలో కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించేవారు. నేతగాని ముందు నేతగాని వంశకథ, అతడు నేసిన గుడ్డ వంటి గుడ్డ మీదనే రంగులతో విప్పబడేది.

ఇంతవరకు చెప్పినది వస్తువుల చరిత్ర. మరి ఈ సీమలో శుభాకాంక్ష ఎవరు ఎవరికి పంపవలెను? ఇక్కడనే అసలు సంగతి ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ళలో ఇంటి మనిషి ఇంట ఉండని ఇండ్లు వేలు. సిరిసిల్ల ప్రాంతపు నేతపనివారు భివండికి, సూరతుకు, షోలాపూరుకు మగ్గాలను వెతుక్కుంటూ పోయినారు. 1970 దశకం మొదలుకొని జగిత్యాల, కోరుట్ల పల్లెల నుండి దుబాయికి, మస్కటుకు పోయినవారి సంఖ్య పెరిగినది. ఇంట తల్లి బీడీల చాట ముందు పెట్టుకొని ఆకు కత్తిరిస్తూ ఉంటుంది. తండ్రి ఎడారిలో ఇనుపచువ్వలు కడుతూ ఉంటాడు. పూర్వం వారి మధ్య ఉత్తరం నడిచినది. తరువాత మాట నింపిన క్యాసెట్టు నడిచినది. నేడు ఫోనులో ముఖమే కనిపిస్తున్నది. ముఖం కనిపించినందుకు సంతోషమే. కాని ఫోను కట్టివేసిన తరువాత తండ్రి మంచం ప్రక్కన గోడకు మిగిలేది ఏమి? బిడ్డ వేలి మరక గల కార్డు అయితే మిగులుతుంది.

చేతితో చేసి పంపిన కానుక ఎంత దూరం పోవునో 2022లో దేశమంతా విన్నది. సిరిసిల్లకు చెందిన నేతకళాకారుడు యెల్ది హరిప్రసాద్ జి-20 చిహ్నాన్ని తన చేతులతో నేసి ప్రధానమంత్రికి పంపినాడు. ఆ సంవత్సరం నవంబరు నెల మన్ కీ బాత్ రేడియో ప్రసంగంలో ప్రధానమంత్రి ఆ కానుకను పేరుపెట్టి ప్రశంసించినారు. అదియును ఒక శుభాకాంక్షయే. కాగితానికి బదులు గుడ్డ, కలానికి బదులు నాడె.

ఇక్కడ రాజస్థాన్‌లోని సాంగనేరును తలచుకొనక తప్పదు. అదియును కాగజీల ఊరే, అదియును అద్దకపు ఊరే. మిల్లు కాగితం వారినీ దెబ్బతీసినది. గాంధీజీ ప్రేరణతో 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం చేతికాగితాన్ని మరల లేవనెత్తడానికి పూనుకొన్నది. 1940లో పూనాలో చేతికాగితపు సంస్థ వెలసినది. సాంగనేరు కాగజీలు క్రమంగా లెక్కల పుస్తకాన్ని మిల్లుకు విడిచిపెట్టి, పూలరేకులు కలిపిన కాగితం, కానుక సంచి, శుభాకాంక్షల కార్డు చేయసాగినారు. నేడు అవి విదేశాలకు పోతున్నవి. జె. సి. కుమారప్ప పేరిట చేతికాగితపు జాతీయ సంస్థ కూడా ఆ ఊరిలోనే ఉన్నది. ఓపిక కోరుట్లకు తక్కువై కాదు. శిస్తు లెక్కకు యంత్రపు కాగితం చాలును. శుభం చెప్పుటకు చేతికాగితమే ఇంపు అన్న మాటను మన అంగళ్ళు, మన బడులు వేళకు గ్రహించలేదు.

కాగితమే దొరకని రోజులలో కూడా మనిషి శుభం చెప్పడం మానలేదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత చెకోస్లొవేకియాలో యిట్కా సామ్‌కోవా అనే ఏడేండ్ల బాలిక, యునిసెఫ్ సహాయం తన ఊరికి అందినందుకు కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసినది. కాగితం లేనందున గాజుపలక మీద వేసినది. 1949లో యునిసెఫ్ వెలువరించిన తొలి కార్డు ఆ బొమ్మయే.

కనుక రాబోయే పండుగకు తల్లిదండ్రులు ఒక చిన్న పని చేయింతురు గాక. గంజి గట్టిగా పట్టిన దళసరి కాగితం ఒకటి పిల్లల చేతికి ఇవ్వండి. బెండకాయో, చెక్కముక్కో అచ్చుగా ఇవ్వండి. అచ్చు వేసిన గీత పూర్తిగా ఆరిన తరువాతనే రంగు నింపమనండి. లేత రంగు ముందు, ముదురు రంగు వెనుక. అంచు దాటినందుకు కసరవద్దు. దూరాన ఉన్న మనిషి వెతికేది ఆ దాటిన అంచునే.

కోరుట్ల నుండి మాకు కార్డు పంపిన బిడ్డ ఈపాటికి పెద్దదై ఉండును. ఆ కార్డు నేటికీ మా గదిలో, గడియారం కింద, గోడకు ఉన్నది. బెండకాయ పూవుల ఎరుపు కొంత వెలిసినది. ఆకులు పచ్చగానే ఉన్నవి. కవరు పోగొట్టుకొన్నవారము గనుక, చేయగలిగిన జవాబు ఇదే: నీ దండాలు మాకు అందినవి, తల్లీ.