తొడ విరిగిన రారాజు: ధర్మరాజు తిరునాళ్లలో విషాద నాటక లక్షణాలు

తెలుగులో తొలి విషాదాంత నాటకం ఏదంటే పాఠ్యపుస్తకాలు తడుముకోకుండా ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ పేరు చెబుతాయి. బళ్లారిలో సరస వినోదిని సభ నడిపిన ధర్మవరం (1853-1912) సంస్కృత సంప్రదాయాన్ని కాదని, పాశ్చాత్య నాటకం చూపిన దారిలో కథను శోకంతో ముగించారు. జానపదుల కథలో సిద్ధుడి కృపవల్ల సారంగధరుడికి నరికిన కాళ్లూ చేతులూ తిరిగి వస్తాయి. ధర్మవరం ఆ ఊరటను తీసేశారు. రచనల చరిత్రగా ఈ మాటలో తప్పులేదు. ప్రదర్శనల చరిత్రగా చూస్తేనే చిక్కు. పుత్తూరు, శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు ద్రౌపదీ సమేత ధర్మరాజుల స్వామి గుళ్ల దగ్గర జరిగే ధర్మరాజు తిరునాళ్లలో, అంటే భారత ఉత్సవాల్లో, మరణం ఆరుబయట, పట్టపగలు, జనం కళ్లముందే ప్రదర్శితమవుతుంది. దాన్ని నాటకమని ఒప్పుకోవడానికి మన నాటక విమర్శ ఎందుకో మొహమాటపడింది. జాతర వేరు, రంగస్థలం వేరు అని గీత గీసుకోవడమే అందుకు కారణమని నా అభిప్రాయం.

ఈ సీమ చరిత్ర కూడా కొంత చెప్పాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. తమిళ తెరుక్కూత్తు, తెలుగు వీధినాటకం ఇక్కడ పక్కపక్కనే పెరిగాయి. మద్దెల, ముఖవీణ, కొయ్య కిరీటం, భుజకీర్తులు రెండింటికీ సొంతం. పగలు హరికథగా భారతం, రాత్రి అదే ఘట్టం నాటకంగా నడవడం ఉత్సవ క్రమం. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, వస్త్రాపహరణం దాటి అర్జున తపస్సుకు వచ్చేసరికి ప్రేక్షకులు పాత్రధారులైపోతారు. వేషగాడు తపోమాను ఎక్కుతుంటే పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో దాని చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ కోసం కొంగులు పడతారు. చూసేవాడికీ ఆడేవాడికీ మధ్య గోడలేని ఈ స్థితిని గుర్తుపెట్టుకుంటేనే చివరి ఘట్టం అర్థమవుతుంది.

చివరి ఘట్టం దుర్యోధన వధ. గుడి ముందరి మైదానంలో రారాజు మట్టితో వెల్లకిలా పడుకుని ఉంటాడు. మనిషి కొలతలకు ఎన్నో రెట్లు పెద్ద విగ్రహం. రంగులు పూసిన ముఖం, మెలితిరిగిన మీసాలు, కిరీటం, తొడ దగ్గర దాచిన ఎర్రనీళ్లు. భీమ, దుర్యోధన వేషధారులు గదలు పట్టుకుని ఆ మట్టి దేహం చుట్టూ తిరుగుతారు, మీదికెక్కుతారు, సవాళ్లు విసురుకుంటారు. గద తొడమీద పడుతుంది. ఎర్రనీళ్లు చిమ్ముతాయి. నిండు సభలో జరిగిన అవమానం నాటినుంచి విరబోసుకునే ఉన్న జుట్టును ద్రౌపది అప్పుడు ముడుచుకుంటుంది. ఆవైపు శపథం నెరవేరిన సంబరం, ఈవైపు చచ్చినవాడికోసం శోకాలు. రెండూ ఒకే నేలమీద, ఒకే పూట.

ఇదే కథావస్తువు సంస్కృతంలో రెండు నాటకాలుగా చీలిపోయింది. భట్టనారాయణుడి ‘వేణీసంహారం’లో దుర్యోధనుడి చావు తెరవెనకే జరుగుతుంది. నెత్తుటి చేతులతో భీముడు వచ్చి ద్రౌపది జడ ముడుస్తాడు. నాటకం విజయంతో ముగుస్తుంది. యుద్ధాన్ని, రాజ్యభ్రంశాన్ని, మరణాన్ని అంకంలో ప్రత్యక్షంగా చూపకూడదన్న నాట్యశాస్త్ర నియమానికి అది లోబడింది. భాసుడిదిగా చెప్పే ‘ఊరుభంగం’ ఎదురు తిరిగింది. గదాయుద్ధాన్ని భటుల నోట చెప్పించినా, తొడలు విరిగిన దుర్యోధనుణ్ణి రంగం మీదికే ఈడ్చుకు రప్పించింది. కొడుకు దుర్జయుడు అలవాటుగా ఒళ్లో కూర్చోబోతే తండ్రి వారించాల్సి వస్తుంది. పాండవులను తనలాగే గౌరవించమని ఆ పిల్లవాడికి చెప్పి, అక్కడే కన్నుమూస్తాడు. అయితే ఆ నాటకంలో ద్రౌపది లేదు. ఆమె జుట్టూ లేదు. ఒకటి గెలిచినవారి నాటకం, మరొకటి ఓడినవాడి నాటకం.

తిరునాళ్ల రంగం ఈ రెంటినీ విడదీయలేదు. ఇక్కడి విషాదానికి ప్రాణం ఆ కలయికలోనే ఉందని నా వాదన. ద్రౌపదికి న్యాయం జరగాలంటే ఒకడు నేలకూలాలి. కూలినవాడికీ తల్లి ఉంది, పెళ్లాం ఉంది. తిక్కన స్త్రీపర్వం విన్న జనానికి గాంధారి ఏడుపు కొత్త కాదు. దీనికి భిన్నంగా తిరుపతి గంగమ్మ జాతరలో, దొర వేషం నాడు పాలెగాడి తల తెగుతుంది. అక్కడ జనం గంగమ్మను చూడటానికి వస్తారు, పాలెగాడి బాధ వినడానికి కాదు. దుష్టసంహారానికీ విషాదానికీ తేడా అక్కడే తెలుస్తుంది. చచ్చేవాడికి తన పక్షాన మాట్లాడే అవకాశం దొరికితేనే విషాదం మొదలవుతుంది. దుర్యోధనుడికి కూత్తు ఆ అవకాశాన్ని ధారాళంగా ఇచ్చింది.

అరిస్టాటిల్ చెప్పిన ఆరంగాలు, అంటే ఇతివృత్తం, పాత్రశీలం, ఆలోచన, పదరచన, గానం, దృశ్యం, వీటితో ఈ ప్రదర్శనను కొలవడం కష్టమేమీ కాదు. కానీ ఆయన దృశ్యానికి చివరి పీట వేశాడు. ట్రాజెడీ శక్తి ప్రదర్శన లేకుండానే తెలుస్తుందన్నాడు. ఇక్కడ మట్టి దేహం లేకపోతే ఏమీ లేదు. పరిజ్ఞానం, అంటే తెలియని బంధం ఒక్కసారిగా తెలియడం అన్న ఇతివృత్త భాగాన్ని వెతికితే అది కర్ణమోక్షంలో దొరుకుతుంది. నేలకొరిగిన కర్ణుడి దగ్గరికి కృష్ణుడు బ్రాహ్మణుడై వచ్చి పుణ్యమంతా దానం అడుగుతాడు. కుంతి వచ్చి కొడుకా అని ఒళ్లోకి తీసుకునేసరికి కథంతా తలకిందులవుతుంది. ‘ఈడిపస్’లో నిజం తెలియడం వీరుణ్ణి కూల్చింది. కర్ణుడికి నిజం ముందే తెలుసు. తెలియాల్సింది చుట్టూ ఉన్నవాళ్లకు. అందుకే ఈ ఘట్టంలో భయంకన్నా జాలి పాలు ఎక్కువ.

ప్రయోజనం విషయంలో తేడా ఇంకా పెద్దది. జాలిని, భయాన్ని రేపి వాటిని ప్రక్షాళన చేయడం ట్రాజెడీ ఫలమని అరిస్టాటిల్ మాట. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దిలో ఏథెన్సు ట్రాజెడీలు కూడా డయొనైసస్ దేవుడి ఉత్సవంలోనే ఆడారు. ఆ మూలాన్ని అరిస్టాటిల్ ‘కావ్యశాస్త్రం’ దాదాపు పట్టించుకోలేదు. మన ఆలంకారికులు శోకం స్థాయిభావంగా కరుణరసాన్ని నిలిపి, అది ఆనందంగానే పరిణమిస్తుందని సమాధానం చెప్పుకున్నారు. కరుణను పతాకస్థాయికి తీసుకెళ్లిన భవభూతి కూడా ‘ఉత్తరరామచరితం’లో సీతారాములను కలిపాకే తెర దించాడు. ఈ రెండు సిద్ధాంతాలూ కూర్చుని చూసే సహృదయుణ్ణి ఊహించినవి. ధర్మరాజు తిరునాళ్లలో మనిషి కూర్చోడు. పొద్దున దుర్యోధన వధ చూసినవాడు కాప్పు (దీక్షా కంకణం) కట్టుకున్న భక్తుడైతే సాయంత్రం అగ్నిగుండం తొక్కుతాడు. శోకం ఇక్కడ మనసులో కరిగిపోయేదాకా ఆగరు, కాళ్లతో దాటేస్తారు. ఆ తర్వాత ధర్మరాజు పట్టాభిషేకం.

పట్టాభిషేకం ఉంది గనుక ఇది విషాదాంతం కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే, కాదు. అయితే ఏథెన్సులో ఎస్కిలస్ ‘ఒరెస్టియా’ త్రయం కూడా పగలు చల్లారి, ఊరేగింపుతో ముగిసిందే. అంతంలోనే విషాదాన్ని వెతకడం మనకు ఆంగ్ల నాటకాలు చదవడంవల్ల అబ్బిన అలవాటు. ఆ అలవాటుతోనే మన సభా నాటకం పెరిగింది. బళ్లారిలో ధర్మవరం, కోలాచలం శ్రీనివాసరావు దానికి దారి వేశారు. చిత్తూరులో రామవిలాస సభ నటుల్ని తయారుచేసింది. తర్వాత సినిమాల్లో చిత్తూరు నాగయ్యగా పేరుపొందిన నటుడు ఎదిగింది ఆ సభ నీడలోనే. అక్కడ నాటకానికి టికెట్టు, తెర, గ్యాసులైటు, ఒక రాత్రి గడువు ఉన్నాయి. సారంగధరుడికి చేతులు తిరిగి రాకపోతే ప్రేక్షకుడు ఆ బరువుతోనే ఇంటికి వెళ్లాలి. తొక్కడానికి గుండం లేదు, చూడటానికి మర్నాడు పట్టాభిషేకం లేదు. ధర్మవరం కథలోంచి తీసేసింది సిద్ధుణ్ణే అనుకుంటాం. కానీ జనం కలిసి శోకం తీర్చుకునే తంతు సభా రంగానికి మొదటినుంచీ లేదు, ఆయన దాని బదులు మరొకటి పెట్టలేదు.