‘సింధు భైరవి’ అడిగిన ప్రశ్న

మొన్న చలికాలంలో ఒక శనివారం రాత్రి, బయట మంచు కురుస్తుంటే, మూడు తెలుగు కుటుంబాలూ ఒక తమిళ కుటుంబమూ కలిసి మా ఇంటి బేస్‌మెంటులో ‘సింధు భైరవి’ చూచాము. 1985లో కె. బాలచందర్ తీసిన ఈ తమిళ చిత్రం ఇళయరాజాకు సంగీత దర్శకుడిగా, చిత్రకు గాయనిగా, సుహాసినికి నటిగా జాతీయ బహుమతులు తెచ్చిపెట్టింది.

కథలో జె.కె.బి. పేరుమోసిన విద్వాంసుడు. ఆయన కచేరీలో తెలుగు కీర్తనలదే రాజ్యం. సింధు అనే సంగీతం టీచరు నిండు సభలో లేచి, అందరికీ తెలిసిన తమిళంలో పాడకూడదా అని అడుగుతుంది. సంగీతానికి భాషతో పనేమిటని ఆయన వాదన. చివరకు ఆమె వేదిక ఎక్కి, పల్లెపదం బాణీలో ఒక తమిళ పాట అందుకుంటుంది.

ఈ తగవు బాలచందర్ కల్పించినది కాదు. తంజావూరు నాయకరాజుల కాలం నుంచీ అక్కడి ఆస్థానంలో తెలుగుకు పెద్దపీట. తరువాత వచ్చిన మరాఠా ప్రభువులూ ఆ ఆదరణ మానలేదు. త్యాగరాజస్వామి (1767–1847) కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి తెలుగులో కీర్తనలు చేశారు. వాటిని తరతరాలుగా కాపాడినవారిలో ఎందరో తమిళులు. అయితే 1940లలో, కచేరీలో తమిళ పాటకు చోటేదని తమిళ ఇసై ఉద్యమం లేచింది. రాజా అన్నామలై చెట్టియారు పూనికతో 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం వెలిసింది. మనకు కొంచెం నొప్పి కలిగినా వారడిగింది న్యాయమే. వినేవాడికి మాట తెలియాలి కదా!

ఇళయరాజా చేసిన పని చూడండి. సింధు పాట సారమతి రాగంలో సాగి సాగి, చివరకు త్యాగరాజస్వామి ‘మరి మరి నిన్నే’ కీర్తనలో కలుస్తుంది. సంప్రదాయంలో అది కాంభోజి రాగ కీర్తన. దానిని సారమతిలోకి మార్చి, పల్లెపాట పక్కన కూర్చోబెట్టారు. తెలుగును గెంటివేయలేదు.

పాట అయ్యాక తమిళ డాక్టరుగారి అమ్మాయి, “ఆ కీర్తనకు అర్థమేమిటి?” అని మా పిల్లలను అడిగింది. మూడేళ్ళుగా సంగీతం నేర్చుకుంటున్న మావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టిన పాటలే! మాకు చురుక్కుమంది. ఆనాటి తమిళ శ్రోతల స్థానంలో ఈనాడు మన పిల్లలు కూర్చున్నారు. తమిళులకు తెలుగు పొరుగు భాష. వీరికి అమ్మ భాష.

రోగి మాట తెలియకుండా నాడి మాత్రం చూస్తే సగం జబ్బే తెలుస్తుందని వైద్యులమైన మాకు రోజూ అనుభవమే. పాట సంగతీ అంతే. ఆంటారియోలో 1977లోనే పిల్లలకు ఇంటి భాషలు నేర్పేందుకు ప్రభుత్వం పథకం పెట్టింది. ఎవరు ఎంత సాయం చేసినా, ఇంట్లో చెప్పవలసినది మనమే. త్యాగరాజ ఆరాధనలో ప్రతి పిల్లా తన కీర్తన అర్థం రెండు తెలుగు ముక్కల్లో చెప్పి, ఆ తరువాత పాడాలని మా మనవి.

మా ఇంట్లో మొదలుపెట్టాము. “ఎన్నిమార్లు వేడుకున్నా కనికరించవేమని రాముణ్ణి నిలదీయడం” అని చెబితే, మా చిన్నవాడు, “మంచులో ఆడుకోనివ్వమని నేను నిన్ను అడిగినట్టా?” అన్నాడు. అవును నాన్నా, అచ్చం అలాగే అన్నాము. ఆ తరువాత వాడు పాడినప్పుడు, గొంతులో ఆ అడగడం వినిపించింది.