176,63,19,049: చక్రవాళంలో తేలిన సంఖ్య

176,63,19,049ని వర్గం చేసి, అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలేదాన్ని 61తో నిశ్శేషంగా భాగించవచ్చు. వచ్చే భాగఫలం కూడా ఒక వర్గమే. అది 22,61,53,980 వర్గం. ఒకటిని పక్కన పెడితే, ఈ లక్షణమున్న అతి చిన్న ధన పూర్ణసంఖ్య ఇదే.

ప్రశ్న చూడటానికి చిన్నది. ఏ వర్గాన్ని 61తో గుణించి ఒకటి కలిపితే మళ్లీ వర్గం వస్తుంది? 61 బదులు 60 అయితే జవాబు 4, 31. 62 అయితే 8, 63. రెండూ నోటి లెక్కలే. మధ్యలో ఉన్న 61 దగ్గర మాత్రం ఒకటి నుంచి వరుసగా ప్రయత్నిస్తూ పోతే 22 కోట్లు దాటాలి.

భాస్కరాచార్యుడు 1150 నాటి 'బీజగణితం'లో దీన్ని కొద్ది అడుగుల్లో తేల్చాడు. 8 వర్గం 64, అంటే 61 కంటే 3 ఎక్కువ. అక్కడి నుంచి చక్రవాళ పద్ధతిలో ఒక్క అడుగు వేస్తే 39, 5 వస్తాయి. 39 వర్గం 1521, 5 వర్గానికి 61 రెట్లు 1525. తేడా −4. తేడా నాలుగుకు చేరితే ఏం చేయాలో బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పాడు. ఒక జవాబును మరో జవాబుతో కలిపి కొత్తది పుట్టించే ఆ ప్రక్రియ పేరు 'భావన'. దాంతో 29,718, 3,805 దొరుకుతాయి. ఇక్కడ తేడా −1. ఈ జంటను దానితోనే మరోసారి కలిపితే అసలు జవాబు వచ్చేస్తుంది.

ఆ పుట్టుక గుర్తులు సంఖ్యలోనే ఉన్నాయి. దాని కంటే ఒకటి తక్కువైనది 29,718 వర్గానికి సరిగ్గా రెట్టింపు. ఒకటి ఎక్కువైనది 3,805 వర్గానికి 122 రెట్లు. 176,63,19,049ని 22,61,53,980తో భాగిస్తే 61 వర్గమూలం 17 దశాంశ స్థానాల వరకు తప్పు లేకుండా వస్తుంది.

చక్రవాళం భాస్కరుడి సొంతం కాదు. అంతకుముందే జయదేవుడు దాన్ని వివరించినట్లు 1073 నాటి ఉదయదివాకరుడి వ్యాఖ్యానం వల్ల తెలుస్తోంది.

1657లో ఫ్రాన్స్‌లో ఫెర్మా సాటి గణితజ్ఞుడు ఫ్రెనికల్‌కు విసిరిన సవాలులోనూ 61 ఉంది. మరీ కష్టపెట్టకూడదని చిన్న సంఖ్యలే ఇస్తున్నానన్నాడాయన. అది చమత్కారమే అనుకోవాలి. ఈ తరహా ప్రశ్నలకు ఇంగ్లండ్‌లో బ్రౌంకర్ పద్ధతి కనిపెట్టాడు. ఆయిలర్ ఆ ఘనతను పొరపాటున జాన్ పెల్‌కు ఆపాదించడంతో 'పెల్ సమీకరణం' అన్న పేరు స్థిరపడింది. ఆయిలర్‌ను తప్పుపట్టలేం. భాస్కరుడి బీజగణితం యూరప్ భాషల్లోకి వచ్చింది 19వ శతాబ్దంలోనే. ఇవాళ్టి భారతీయ పాఠ్యపుస్తకాలకు ఆ సాకు లేదు. 'వర్గప్రకృతి' అన్న పాత పేరు వాటిలో కనిపించడం అరుదు.

చక్రవాళం ప్రతిసారీ గమ్యం చేరుతుందన్న నిరూపణ భాస్కరుడి గ్రంథంలో లేదు. ఇలాంటి సమీకరణాలకు జవాబు తప్పక ఉంటుందని లగ్రాంజ్ 1760లలో నిరూపించాడు. భారతీయ పద్ధతికి నిరూపణను 1929లో ఎ.ఎ. కృష్ణస్వామి అయ్యంగార్ ఇచ్చారు. మైసూరులో గణితం బోధించిన ఆయన, కవి ఎ.కె. రామానుజన్ తండ్రి.